పదుగురి సొత్తు

తెలుగునాట "ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చెను" అను సామెత కలదు. ఒకని సొంత గొడ్డునకు జబ్బు చేసినచో యజమాని రాత్రియంతయు మేల్కొని మందు వేయును. నలుగురు పాలివారి ఉమ్మడి గొడ్డయినచో "ప్రక్కవాడు చూచునులే" యని ప్రతివాడును ఊరకుండును. తెల్లవారునప్పటికి గొడ్డు చచ్చును. ఈ సామెత గొడ్లను గూర్చి మాత్రమే చెప్పినది కాదు. సముద్రతీరములు, నదీసంగమములు, కాలువగట్లు, ఊరి చెఱువులు, ఉద్యానములు, బాటప్రక్కల చెట్లు, ఇవి యన్నియు ఉమ్మడి సొత్తులే. సాయంకాలము చల్లగాలి కొఱకు జనులు అచటికి పోవుదురు. పిల్లలు ఆడుకొందురు. పర్వదినములందు వేలాది యాత్రికులు చేరుదురు. అనుభవించువారు అందరు, కాపాడువారెవరు?

ఈ ప్రశ్నకు నేటి లోకము కనుగొనిన సమాధానములలో ఒకటి ముఖ్యమైనది. ఊరివారు తమంత తాముగా ముందుకు వచ్చి శ్రమ చేయుదురు. లాభములు గడించు వ్యాపార సంస్థలు ఆ శ్రమకు కావలసిన ధనమును విరాళముగా నిచ్చును. ప్రభుత్వము అనుమతినిచ్చి పర్యవేక్షించును. వినుటకిది సులభమే. ఆచరణమున దీని మేలెంతయో, దీనియందలి చిక్కులెట్టివో తెలిసికొనుటకు కృష్ణానది దిగువ డెల్టా చక్కని ఉదాహరణము.

కృష్ణానది పులిగడ్డ యొద్ద రెండు పాయలుగా చీలును. ఆ పాయలకును సముద్రమునకును నడుమనున్న నేలయే దివిసీమ. 1855లో బెజవాడయొద్ద ఆనకట్ట పూర్తియైన పిదప కాలువల నీరు డెల్టాను సస్యశ్యామల మొనర్చెను. 1957లో ప్రకాశం బారేజీ ఆ పనిని అందుకొన్నది. గుడివాడ పరిసరముల పచ్చని వరిపొలములు, బందరు త్రోవ ప్రక్కన సాగు కాలువలు, అన్నియు ఆ నీటి బిడ్డలే. తూర్పునకు పోగా బందరునకు సుమారు 11 కిలోమీటర్ల దూరమున మంగినపూడి సముద్రతీరము కలదు. అచటి నేల చాల తీరములవలె తెల్లని యిసుక కాదు, నల్లని బంకమన్ను. లోతు తక్కువగుటచే జనులు నిర్భయముగా స్నానము చేయుదురు. దక్షిణమున కోడూరు దాటి పోయినచో హంసలదీవి వచ్చును. అచట వేణుగోపాలస్వామి ఆలయము కలదు. దాపుననే కృష్ణ సముద్రమున కలియు చోటు. మాఘ పౌర్ణమినాడు సాగరసంగమ స్నానమునకు జనులు తండోపతండములుగా వత్తురు.

ఇక నదీముఖమున మడ అడవులు. ఇవి ఉప్పునీట పెరుగు చెట్ల గుంపులు. నల్లమడ, తెల్లమడ మొదలగు చెట్లు బురదలోనుండి శ్వాసవేళ్లను పైకి చాచి నిలుచును. ఈ ప్రాంతము కృష్ణా వన్యప్రాణి అభయారణ్యము. దీని వైశాల్యము సుమారు 195 చదరపు కిలోమీటర్లు. చేపలను వేటాడి బ్రతుకు బావురుపిల్లి ఇచటి ప్రత్యేక జంతువు. శీతకాలము చివర ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ఒడ్డునకు వచ్చి ఇసుకలో గుంటలు త్రవ్వి గ్రుడ్లు పెట్టును. ఒక్కొక తల్లి నూరు, నూటయిరువది గ్రుడ్లు పెట్టి, ఇసుక కప్పి, తిరిగి సముద్రములోనికి పోవును. నెలన్నర మొదలు రెండు నెలలలో పిల్లలు వెలువడి నీటికి పరుగెత్తును.

విద్యార్థులు ఇచట నొక సంగతి గమనింపవలెను. మాఘ పౌర్ణమి ఫిబ్రవరి ప్రాంతమున వచ్చును. తాబేళ్లు గ్రుడ్లు పెట్టు కాలమును అదియే. జనులు వేడుకకు చేరు తీరమును, తాబేళ్లు తమ సంతతిని దాచు తీరమును ఒకటే. జనులు పాఱవైచిన ప్లాస్టిక్ సంచులు సముద్రములో తేలుచున్నచో తాబేళ్లు వానిని మ్రింగి చచ్చుటయు కలదు. ఒడ్డున రాత్రి వేళ పెద్ద దీపములు వెలిగినచో అప్పుడే పుట్టిన పిల్లలు సముద్రపు వెలుగని భ్రమించి ఊరివైపునకు పోవును. బండ్లు ఇసుకమీద నడచినచో గుంటలు చితికిపోవును. యాత్రికులను రావలదనుట న్యాయము కాదు. తాబేళ్లను రావలదనుట సాధ్యము కాదు. ఇద్దరికిని చోటు చూపవలెనన్న ఎవరో ఒకరు నిత్యము అచట కనిపెట్టియుండవలెను. "సంరక్షణము" అను మాటకు నిజమైన అర్థమిదియే. ఒకనాడు ఊడ్చుట సంరక్షణము కాదు. ప్రతిదినము కనిపెట్టుటయే సంరక్షణము.

ఈ భావము తెలుగువారికి క్రొత్త కాదు. సంతానము, చెఱువు, వనము, దేవాలయము, అగ్రహారము, కృతి, నిధి అను ఏడింటిని మన పూర్వులు సప్తసంతానములనిరి. కన్నబిడ్డతోపాటు చెఱువును వనమును కూడ సంతానముగా లెక్కించుటలో గొప్ప భావము కలదు. బిడ్డను కని వదలిపెట్టరాదు, పెంచవలెను. కడప జిల్లా పోరుమామిళ్ల చెఱువు శాసనము 1369వ సంవత్సరము నాటిది. విజయనగర రాజవంశీయుడైన భాస్కరుడు ఆ చెఱువును కట్టించెను. చెఱువు కట్టుటకు ఎట్టి స్థలము తగును, కట్ట ఎట్లుండవలెను, దోషములెవ్వి అను విషయములను ఆ శాసనము వివరించినది. చెఱువును కట్టినవారికిని, మరమ్మతు చేయువారికిని దశబంధము అను పేర మాన్యమిచ్చు ఆచారము మన సీమలలో నుండెను. అనగా చెఱువు నిర్మించుట ఒక పని, దానిని ఏటేట కాపాడుటకు ఆదాయము చూపుట మఱియొక పని యని వారెఱుగుదురు. నేటి కాలమున చాలచోట్ల మొదటిపని జరుగును; రెండవపని మఱపునబడును. ఉద్యానము ప్రారంభోత్సవము ఘనముగా జరుగును. మఱుసటి వేసవికి మొక్కలెండును.

రెండవపనిని తలకెత్తుకొన్న ఊరొకటి దివిసీమ ముఖద్వారముననే కలదు. అది చల్లపల్లి. 2014 నవంబరు 12వ తేదీన డాక్టరు డి.ఆర్.కె. ప్రసాదు, డాక్టరు టి. పద్మావతి అను వైద్య దంపతులు మఱికొందఱు మిత్రులతో కలసి "స్వచ్ఛ చల్లపల్లి" యను ఉద్యమము ప్రారంభించిరి. రోగము వచ్చిన పిదప మందిచ్చుటకంటె రోగమును పుట్టించు మురికిని తొలగించుట మేలని వారు తలచిరి. తెల్లవారుజామున నాలుగున్నర గంటలకు కార్యకర్తలు గుమిగూడుదురు. చీపుళ్లు, గంపలు, పాఱలు, కత్తులు పట్టుకొని ఒకటిన్నర గంటసేపు పనిచేయుదురు. వారిలో వైద్యులు, ఉపాధ్యాయులు, రైతులు, వర్తకులు, గృహిణులు, వయోవృద్ధులు కలరు. పెద్దయుద్యోగము చేసినవాడును, చిన్నయంగడి నడుపువాడును ఒకే గంపకు చెఱియొక అంచు పట్టుకొందురు. బాటప్రక్కల ముండ్లకంపను నరికిరి, చెత్తనెత్తిరి, మురుగుకాలువల పూడిక తీసిరి, ఆ చోట్ల నీడచెట్లు, పూలమొక్కలు నాటిరి. ఒకనాడు ముక్కు మూసికొని దాటిపోయిన త్రోవలలో నేడు జనులు ఉదయపు నడకకు పోవుచున్నారు. దశాబ్దము గడచినను ఆ ఉద్యమము వాడలేదు.

ఊరక పనిచేయువారికి ధనముతో నేమి పని యని కొందఱడుగవచ్చును. చిన్న లెక్క వేసి చూచినచో సమాధానము తెలియును. ఒక సమితి 500 మొక్కలు నాటినదనుకొందము. వేసవిలో వారమునకు రెండుమార్లు మొక్కకు 10 లీటర్ల నీరు పోయవలెను. ఒక మారునకు 5,000 లీటర్లు కావలెను. అనగా ఒక నీటిబండి. వారమునకు రెండు బండ్లు. మార్చి మొదలు జూన్ నడుమవరకు 15 వారములనుకొన్నచో 30 బండ్లు. ఇట్లు మూడు వేసవులు గడచినగాని మొక్క తన వేళ్లపై తాను నిలువదు. ఇది గాక పశువులు మేయకుండ కంచె, చేతికి తొడుగులు, పనిముట్లు, చెత్తను తరలించు ట్రాక్టరు బాడుగ కావలెను. చెమట ఉచితముగా దొరకును, డీజిలు దొరకదు. చల్లపల్లిలో దీనికొఱకే "మనకోసం మనం" అను ధర్మసంస్థ యేర్పడినది. దాతల విరాళములు దానిద్వారా పనులకు వినియోగపడుచున్నవి. శ్రమ చేయువారొకరు, లెక్క చూచువారొకరు, ఇచ్చువారొకరు. ఈ మూడు కలసినప్పుడే పని సాగును.

ఇట్టి పనులకు వ్యాపార సంస్థలు ధనమిచ్చు విధానమును ఇప్పుడు తెలిసికొందము. పూర్వము దానము దాత యిష్టము. 2013వ సంవత్సరపు కంపెనీల చట్టములోని 135వ విభాగము దీనిని కొంతవఱకు విధిగా మార్చినది. ఆ నియమము 2014 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. నికర ఆస్తి 500 కోట్ల రూపాయలు గాని, ఏడాది వ్యాపారము 1,000 కోట్లు గాని, నికరలాభము 5 కోట్లు గాని, అంతకు మించి గాని యున్న కంపెనీ తన లాభములో కొంత సమాజహితమునకు వెచ్చింపవలెను. గడచిన మూడేండ్ల సగటు నికరలాభములో నూటికి రెండు వంతులు ఆ మొత్తము. ఒక కంపెనీకి మూడేండ్లలో వరుసగా 10 కోట్లు, 12 కోట్లు, 14 కోట్లు లాభము వచ్చినదనుకొందము. సగటు 12 కోట్లు. అందు నూటికి రెండు వంతులు 24 లక్షలు. దీనినే జనులు సి.ఎస్.ఆర్. నిధులని వ్యవహరించుచున్నారు.

ఈ ధనమును ఏ పనులకు వెచ్చింపవచ్చునో చట్టమునకు చేర్చిన ఏడవ షెడ్యూలు తెలుపును. విద్య, వైద్యము, పారిశుద్ధ్యము, పర్యావరణ రక్షణము, వృక్ష జంతు సంరక్షణము, ప్రాచీన కట్టడముల రక్షణము మొదలగునవి అందు కలవు. కావున తీరమును శుభ్రపఱచుటకు, మడ అడవిని పెంచుటకు, ఘంటసాలవంటి ప్రాచీన బౌద్ధక్షేత్రములను కాపాడుటకు ఈ నిధులను వినియోగింప వీలున్నది. కంపెనీ తాను నెలకొన్న ప్రాంతమునకు మొదట ప్రాముఖ్యమీయవలెనని కూడ చట్టము చెప్పుచున్నది. తన యుద్యోగులకు మాత్రమే మేలు చేయు పని ఇందు చేరదు. పర్యవేక్షణ ఖర్చులు నూటికి ఐదు వంతులకు మించరాదు. ఆ పనివలన ఏమైన మిగులు వచ్చినచో అది కంపెనీ లాభములో కలియరాదు.

ధనము పుచ్చుకొను సమితికి కూడ నియమములు కలవు. అది సంఘముగానో ధర్మసంస్థగానో నమోదై యుండవలెను. కంపెనీ తాను స్థాపింపని సమితికి నిధులిచ్చునప్పుడు ఆ సమితికి అట్టి పనులలో కనీసము మూడేండ్ల అనుభవముండవలెను. 2021 ఏప్రిల్ నుండి ప్రభుత్వమునొద్ద ప్రత్యేకముగా నమోదు చేసికొనుటయు తప్పనిసరి. పిమ్మట ఆ సమితి పనిపట్టిక సిద్ధముచేయును: ఏ స్థలము, ఎవరి యనుమతి, ఎన్ని నెలలు, ఎంత ఖర్చు, ఫలితమును కొలుచుట ఎట్లు. స్థలము పంచాయతీదైనచో పంచాయతీ తీర్మానము కావలెను. అభయారణ్యమైనచో అటవీశాఖ యనుమతి కావలెను. సాధారణముగా ధనము విడతలుగా వచ్చును. మొదటి విడతకు లెక్క చెప్పినగాని రెండవది రాదు. అనగా చీపురు పట్టుట తెలిసిన సమితికి చిట్టా వ్రాయుటయు తెలిసియుండవలెను. మంచి మనసుతో పనిచేసిన సమితులు కూడ లెక్కలు సరిగా లేకున్నచో విశ్వాసము కోల్పోవును.

ఇతర దేశములలో ఈ పద్ధతి ఎట్లు సాగినదో చూచుటయు లాభకరము. అమెరికాలో అపలాచియన్ కాలిబాట అను నొక పర్వతమార్గము కలదు. 1921లో బెంటన్ మెకై అను నతడు దీనిని ప్రతిపాదించెను, 1937లో పూర్తియైనది. పదునాలుగు రాష్ట్రముల గుండ పోవు ఈ బాట పొడవు సుమారు 3,500 కిలోమీటర్లు. దీనిని కాపాడువారు జీతగాండ్రు కారు. ముప్పదికి పైగా సంఘములు బాటను భాగములుగా పంచుకొన్నవి. ప్రతి సంఘపు సభ్యులును తమ భాగములో పడిన చెట్లను తొలగింతురు. వాననీటికి దారి చేయుదురు. గుర్తులకు రంగు వేయుదురు. "బాట అంతయు అందఱిది" యన్నచో ఎవరును పట్టించుకొనకపోవుదురు. "ఈ పది మైళ్లు మనవి" యన్నచో మనసు కుదురును. ఉమ్మడి గొడ్డు సామెతకు వారు కనిపెట్టిన మందిదియే.

ధనమిచ్చు సంస్థల విషయములో కూడ ఒక కథ కలదు. యివాన్ షూనార్డ్ అను పర్వతారోహకుడు కొండలెక్కువారికి ఇనుప మేకులు చేసి అమ్మెడివాడు. వానిని కొట్టుటవలనను పీకుటవలనను కొండరాళ్లు చీలిపోవుచుండెను. ఆ మేకులే తన వ్యాపారమునకు ఆధారమైనను, 1972లో అతడు వానికి బదులు రాతిని గాయపఱపని చీలికబిళ్లలను వాడుడని కొనువారికి బోధింప మొదలుపెట్టెను. పిమ్మట అతడు స్థాపించిన పటగోనియా యను బట్టల సంస్థ 1985నుండి తన అమ్మకములలో నూటికొకవంతు ప్రకృతి రక్షణకు ఇచ్చుచున్నది. ఇందలి వరుస గమనింపదగినది. అతడు ముందు తన చేతివలన కలుగు కీడును మాన్పెను. తరువాత దానము చేసెను. ఎడమచేత కాలువలోనికి మురికినీరు వదలుచు, కుడిచేత కాలువగట్టున మొక్క నాటించువాడు దాత యనిపించుకొనజాలడు.

మన డెల్టాలో బయటి ధనమును స్థానికుల శ్రమయు కలసి ఫలించిన పని యొకటి కలదు. గొడ్డళ్ల వలనను, చేపల రొయ్యల చెఱువుల వలనను కృష్ణా గోదావరి ముఖములందలి మడ అడవులు చాలచోట్ల క్షీణించినవి. చెట్లు పోయినచోట నేల పళ్లెమువలె గుంటపడును. అందు నిలిచిన సముద్రపు నీరు ఎండకు ఆవిరియై ఉప్పు పేరుకొనును. ఆ ఉప్పులో విత్తనము మొలవదు. ఎన్ని మొక్కలు నాటినను చచ్చును. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ, అటవీశాఖ, తీరగ్రామముల ప్రజలు కలసి దీనికి చికిత్స చేసిరి. భారత-కెనడా పర్యావరణ నిధి ధనసాహాయ్య మొనర్చెను. వారు చేపముల్లు ఆకారముగా కాలువలు త్రవ్విరి. నడుమ పెద్దకాలువ వెన్నెముక. ఇరుప్రక్కల ఏటవాలుగా చిన్నకాలువలు ముండ్లు. పోటువేళ క్రొత్తనీరు ప్రవేశించును. పాటువేళ వెలికి పోవును. నీరు వచ్చిపోవుచుండుటచే ఉప్పు కడుగుకొనిపోవును. ఆ కాలువల అంచులందు నాటిన మడమొక్కలు బ్రతికినవి.

ఇచట ముఖ్యమైనది కాలువ ఒక్కటే కాదు. కాలువలలో ఒండ్రు పేరును. ఏటేట దానిని తీయనిచో చేపముల్లు మూసుకొనిపోవును. తీయవలసినవారు దాపుననున్న పల్లెవారే. అందుకొఱకే ఊరూర సంరక్షణ సమితులేర్పడినవి. నిధి కాలపరిమితి తీరిన పిదపను పని నిలుచునో లేదో ఆ సమితుల బలమునుబట్టి యుండును. మడ అడవి విలువ ఆ పల్లెలకు పుస్తకములు చెప్పనక్కఱలేదు. 1977 నవంబరు 19వ తేదీన వచ్చిన పెనుతుపానునందు ఉప్పెన దివిసీమను ముంచివేసినది. సుమారు పదివేలమంది మృతిచెందిరి. కెరటపు జోరును తగ్గించు చెట్ల తెర ప్రాణముతో సమానమని ఆ సీమవారు కన్నీటితో నేర్చుకొన్నారు. ఇట్టిచోట సంరక్షణము వినోదము కాదు. విహారస్థలమును కాపాడుటయు, ఊరిని కాపాడుటయు ఒకటే పని.

ఇక ఈ పద్ధతిలోని దోషములను కూడ చెప్పుకొనవలెను. మొదటిది ఆడంబరము. ఒకనాటి ఉదయము వందలమంది టోపీలు ధరించి తీరమునకు వచ్చి, చెత్తనెత్తి, ఛాయాచిత్రములు తీయించుకొని పోవుదురు. వారి పని వృథా యనరాదు. వారిలో కొందఱికైన కన్ను తెఱచుకొనును. 1986లో అమెరికాలో ప్రారంభమై ఏటేట సెప్టెంబరునందు జరుగుచున్న అంతర్జాతీయ తీరశుభ్రత దినము ఈ విధముగా ఎన్నో దేశములకు వ్యాపించినది. అందు పాల్గొనువారు ఏఱిన చెత్తను లెక్కించి వ్రాసికొందురు. ఆ లెక్కవలన ఏ వస్తువు ఎక్కువగా తీరమును పాడుచేయుచున్నదో తెలియును. కాని మఱునాడు చూచువారు లేనిచో తీరము మరల పూర్వస్థితికి వచ్చును. విశాఖపట్టణము ఋషికొండ తీరమునకు 2020లో నీలిజెండా యను అంతర్జాతీయ గుర్తింపు లభించినది. 2025 మొదట నిర్వహణలోపముల కారణముగా అది ఉపసంహరింపబడినది. లోపములు సవరించిన పిదప కొద్దికాలమునకే మరల లభించినది. గుర్తింపు పొందుట ఒక మెట్టు. దానిని నిలుపుకొనుట నిత్యవ్రతము. 2025 జూన్ నెలలో మంగినపూడి తీరమున బీచ్ ఉత్సవము జరిగినది. ఉత్సవములకు వచ్చు జనము పెరిగినకొలది వారు పోయిన మఱునాటి పనియు పెరుగును.

రెండవ దోషము పనికంటె బోర్డు పెద్దదగుట. మొక్కకంటె ఎత్తైన పేరుపలక మొక్కకు నీడనిచ్చునేమో గాని ఊరికీయదు. మూడవది ఆధారపడుట. కంపెనీ లాభము ఏటేట ఒకే తీరుగ నుండదు. విరాళమే సర్వస్వమని నమ్మిన సమితి విరాళము ఆగిననాడు చెదరిపోవును. కావున వివేకముగల సమితి పెద్ద విరాళమును కంచె, పనిముట్లు, నీటి వసతి మొదలగు ఒక్కసారి ఖర్చులకు వాడును. నిత్యపు ఖర్చులకు ఊరివారి చిన్నచిన్న చందాలను కూర్చుకొనును. పదిమంది చేతికఱ్ఱలు ఒకనికి మోపగునని పెద్దలందురు గదా!

నాలుగవ దోషము అన్నిటికంటె గొప్పది. ధనమిచ్చినవాడు స్థలము తనదే యనుకొనవచ్చును. ఈ విషయములో మన సుప్రీంకోర్టు 1996 డిసెంబరులో స్మరణీయమైన తీర్పు చెప్పినది. హిమాచలప్రదేశమున బియాస్ నది యొడ్డున ఒక విహార సంస్థ అటవీభూమిని కౌలుకు పొంది, తన విడిదిని కాపాడుకొనుటకై నదీప్రవాహమునే మరలించుటకు పూనుకొన్నది. న్యాయస్థానము ఆ కౌలును రద్దుచేసి, స్థలమును పూర్వస్థితికి తెచ్చు ఖర్చును ఆ సంస్థయే భరింపవలెనని శాసించినది. నదులు, తీరములు, అడవులు ప్రజలందఱి సొత్తు. ప్రభుత్వము వానికి యజమాని కాదు, ధర్మకర్త మాత్రమే యని ఆ తీర్పు సారాంశము. ధర్మకర్త యను మాట తెలుగువారికి చక్కగా తెలిసినదే. గుడి ధర్మకర్త గుడిని అమ్ముకొనరాదు. అట్లే తీరమునకు విరాళమిచ్చిన సంస్థ తీరమునకు ద్వారము కట్టి రుసుము వసూలు చేయరాదు. జాలరి పడవను ఒడ్డునకు చేర్చకుండ అడ్డగింపరాదు. మేకలు కాచుకొను ముసలిదానిని వెడలగొట్టరాదు. చీపురు పట్టినవానికిని ఈ నియమమే వర్తించును. సేవ చేయుట అధికారము సంపాదించుకొనుటకు త్రోవ కారాదు.

ఇన్ని దోషములున్నవని ఈ పద్ధతిని త్రోసిపుచ్చుట తగదు. ప్రభుత్వమొక్కటే ప్రతి గట్టును ప్రతి ఒడ్డును కనిపెట్టజాలదు. ధనవంతుడొక్కడే చేసినచో అది అతని తోటయగును. బీదవాడొక్కడే చేసినచో అతని నడుము విరుగును. ముగ్గురును తమతమ హద్దులెఱిగి కలసినచో ఊరు బాగుపడును. ఆ హద్దులను మూడు మాటలలో చెప్పవచ్చును. స్థలము అందఱిది. పని ఊరివారిది. ధనము ఇచ్చినవారిది కాదు, ఇచ్చిన పనిది.

కృష్ణా డెల్టాలోని ప్రతి పాఠశాలకును దాపున ఒక కాలువగట్టో, చెఱువో, చెట్లవరుసయో తప్పక యుండును. ఒక తరగతి విద్యార్థులు నూరు గజముల గట్టును తమదిగా నెన్నుకొని, వారమునకొక గంట దానిని చూచుకొన్నచో దానికి ఏ కంపెనీ ధనమును అక్కఱలేదు. ఎన్ని మొక్కలున్నవి, ఎన్ని బ్రతికినవి, ఏ చెత్త ఎక్కువగా చేరుచున్నది అను లెక్క ఒక పుస్తకములో వ్రాసినచో చాలును. పై తరగతికి పోవునప్పుడు ఆ పుస్తకమును క్రింది తరగతివారికి అప్పగింపవలెను. ఎప్పుడైన పెద్ద పనికి ధనము కావలసివచ్చిననాడు దాతకు చూపదగిన ఆధారము ఆ పుస్తకమే. దాత ముందుగా అడుగునది "మీకెంత కావలెను?" అని కాదు, "ఇంతవఱకు మీరేమి చేసితిరి?" అని.